'చేరాడు'నా, 'చేరింది'నా, 'చేరారు'నా?

అనువాదకురాలు: అందరికీ నమస్కారం. ఒక ట్రాన్స్ మహిళ (పుట్టినప్పుడు మగపిల్లాడని రాయించుకుని స్త్రీగా బతుకుతున్న మనిషి) ఉద్యోగంలో చేరిన వార్తను తెలుగు చేస్తున్నాం. మా డెస్కులో ముగ్గురు మూడు రకాలుగా రాశారు. 'నపుంసకుడు చేరాడు', 'లింగమార్పిడి చేసుకున్న వ్యక్తి చేరింది', 'ట్రాన్స్‌జెండర్ చేరారు'. ఏది సరైన తెలుగు?

రిటైర్డ్ లెక్చరర్: ముందు క్రియ సంగతి చూద్దామమ్మా, అసలు పేచీ అక్కడుంది. తెలుగులో 'నేను వచ్చాను' అని ఆడా మగా ఎవరైనా ఒకేలా అంటారు. హిందీలో అయితే నోరు తెరవగానే 'ఆయా'నో 'ఆయీ'నో తేల్చుకోవాలి. 'నువ్వు వచ్చావు', 'మీరు వచ్చారు' కూడా అంతే. మనిషి తన గురించి చెప్పుకున్నా, ఎదురుగా ఉన్నవాళ్లతో మాట్లాడినా మన క్రియలో లింగం బయటపడదు ('మంచివాణ్ణి', 'మంచిదాన్ని' లాంటివి వేరనుకోండి). ఆ మనిషి గురించి ఇంకొకరితో చెప్పేటప్పుడే 'వచ్చాడు', 'వచ్చింది' అని తీర్పు ఇవ్వాల్సి వస్తుంది. ఆ తీర్పు గొంతునీ ఒడ్డూపొడుగునీ చూసి ఇస్తున్నామా, ఆ మనిషి తన గురించి చెప్పినదాన్ని బట్టి ఇస్తున్నామా అన్నదే ప్రశ్న. తాను స్త్రీనని ఆమె చెబుతుంటే 'ఆమె చేరింది', గౌరవంగా అయితే 'చేరారు'. ట్రాన్స్ పురుషుడైతే 'ఆయన చేరారు'. ఆడా మగా రెండూ కాదనేవాళ్లూ ఉన్నారు. అక్కడ 'తను', 'వారు' హాయిగా సరిపోతాయి.

ఒక సభ్యుడు: మాస్టారూ, స్త్రీలింగం, పుంలింగం, నపుంసకలింగం అని మూడు ఉన్నాయి కదా. మూడోది ఇలాంటివాళ్ల కోసమే కదండీ? 'అది చేరింది' అంటే తప్పేంటి?

రిటైర్డ్ లెక్చరర్: ఆ పంపకం సంస్కృతానిది, అది మాటలకు చేసిన పంపకం, మనుషులకు కాదు. అక్కడ భార్య అనే అర్థంలో 'దార' శబ్దం పుంలింగం, 'కళత్రం' నపుంసకం. అంతమాత్రాన ఎవరూ పెళ్లాన్ని మగవాడనో వస్తువనో అనుకోలేదు. తెలుగుకి చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో మహత్తు (మగవాళ్లు), మహతి (ఆడవాళ్లు), అమహత్తు (మిగతావన్నీ) అని వేరే లెక్క చెప్పారు. 'అమ్మ వచ్చింది', 'వాన వచ్చింది', ఏకవచనంలో రెండూ ఒకటే రూపం. బహువచనానికి వెళ్లగానే అమ్మలు 'వచ్చారు', వానలు 'వచ్చాయి'. కాబట్టి 'చేరింది' అనే క్రియలో తక్కువతనం ఏమీ లేదు. ఉన్నదల్లా 'అది'లో. మనిషిని 'అది' అంటే చనువైనా కావాలి, చులకనైనా కావాలి. వార్త రాసేవాళ్లకు ఆమెతో చనువు ఎక్కడిది?

మరో సభ్యుడు: ఒక్క మనిషిని పట్టుకుని 'చేరారు' అంటే ఒకరా పదిమందా అని అనుమానం రాదా?

రిటైర్డ్ లెక్చరర్: 'మా నాన్నగారు వచ్చారు' అంటే ఎంతమంది వచ్చారనుకుంటారు మీరు?

మరో సభ్యుడు: సరే, ఒప్పుకున్నా. కానీ ఇంగ్లీషు మాట ఎందుకు? 'పేడి' ఉంది కదా. తమిళంలోనూ ఉన్న పాత మాట.

ఒక సభ్యురాలు: నేను ట్రాన్స్ మహిళను. 'పేడి' పాతదే, కాదనను. కానీ మగతనం లేనివాడు అనే అర్థంలోనే వాడుతూ వచ్చారు. 'నపుంసకుడు' కూడా అంతే. ఏదో లేదని పెట్టిన పేర్లు అవి. పైగా నపుంసకత్వం అంటే ఇప్పుడు డాక్టర్లు చూసే ఒక లైంగిక సమస్య. నేనెవరిని అన్నదానికీ దానికీ సంబంధం లేదు. 'కొజ్జా' తిట్టేనని వేరే చెప్పక్కర్లేదు. 'హిజ్రా' మాత్రం అలా కాదు, గురువు, చేలా (శిష్యురాలు) వరసలున్న ఒక సముదాయం పేరు. అందులో ఉన్నవాళ్లు గర్వంగానే చెప్పుకుంటారు. అయితే ట్రాన్స్ మహిళలందరూ హిజ్రాలు కారు. ఇంకోటి గమనించారా? ఈ పాత మాటల్లో ఒక్కటీ ట్రాన్స్ పురుషులకు సరిపోదు. పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాయించుకుని మగవాడిగా బతుకుతున్నవాళ్లు మన మాటల మూటలో ఎవరి కంటికీ ఆనలేదు.

'లింగమార్పిడి చేసుకున్న' కూడా తీసేయండి. ఆపరేషన్ అయిందో లేదో మీకెలా తెలుసు? అయినా అది వార్తా? 2014 ఏప్రిల్‌లో నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వేసిన కేసులో సుప్రీంకోర్టు ఎవరి జెండర్ వాళ్లే చెప్పుకోవచ్చని, అందుకు ఆపరేషన్ కావాలని పట్టుబట్టకూడదని స్పష్టంగా చెప్పింది.

రిటైర్డ్ లెక్చరర్: మాటే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లకు ఒక్క ముక్క. నిజాం రోజుల్లో, 1919లో, 'యూనక్స్' (నపుంసకులు) అనే మాటతోనే హైదరాబాదులో ఒక చట్టం వచ్చింది. ఆ పేరు కిందికి వచ్చేవాళ్ల వివరాలు రిజిస్టర్లో ఎక్కించవచ్చు, ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో. అంటే మొన్న.

అనువాదకురాలు: చాలా థ్యాంక్సండీ. ఇలా మార్చాను: 'ట్రాన్స్ మహిళ ఒకరు ఉద్యోగంలో చేరారు. చిన్నప్పటి నుంచి తాను అమ్మాయినేనని ఆమెకు తెలుసు. ఇంట్లో ఒప్పుకోలేదు.' కింద పుట్టినప్పుడు పెట్టిన పాత పేరు కూడా ఇచ్చాం.

ఒక సభ్యురాలు: పాత పేరు తీసేయండి, ఆమె అడిగి ఇప్పించుకుంటే తప్ప. ఇంతా రాశారు గానీ, ఆమె ఏ ఉద్యోగంలో చేరారో ఎక్కడా లేదు.