రెక్కలున్నయి కదా, పక్క కొండకి ఎందుకు పోవు?

నల్లకుంట_బాబు:
మొన్న సెలవులకి ఊటీ పోయినం, దొడ్డబెట్ట దగ్గర గడ్డిల పసుపుపచ్చ సీతాకోకచిలుకలు కనబడ్డయి, ఇవి ఎత్తు కొండల మీదనే ఉంటయి కింద కోయంబత్తూర్‌ల కానరావు అన్నడు గైడ్. నాకు సమజ్ కాలే. మా బాల్కనీల కరివేపాకు కుండీ మూడో ఫ్లోర్‌ల ఉన్నా ఎతుక్కుంట వచ్చి గుడ్లు పెట్టిపోతయి, అవి పక్క కొండకి ఎగిరి పోలేవా? చిన్న కొండ మీద రకాలు తక్కువుంటయట, అదెందుకు? ఎరుకున్నోళ్లు చెప్పుర్రి.

పుప్పొడి:
మీవి నీలగిరి క్లౌడెడ్ యెల్లో అయ్యుండొచ్చండి. కరివేపాకు మీదకొచ్చేది కామన్ మార్మన్ అనుకుంటా, దాని పిల్ల పురుగు అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది చూడండి. దానికి నిమ్మ, బత్తాయి ఏదైనా ఓకే, మన సిటీలో వీధికో కరివేపాకు చెట్టుంది కాబట్టి హైదరాబాద్ అంతా ఒకటే ఇల్లు. కొండ వాటికి అలా కుదరదు, చలి కావాలి, చాలావాటికి ఒకటి రెండు రకాల ఆకులు తప్ప పడవు. అలాంటివాటికి నీలగిరికీ ఆనైమలైకీ మధ్య ఉన్న పాలక్కాడ్ కనుమ, 30-40 కిలోమీటర్ల వేడి నేల, సముద్రం లెక్కే. రెడ్ డిస్క్ బుష్‌బ్రౌన్ అని ఒకటుంది, కనుమకి దక్షిణాన తప్ప దొరకదు. 1967లో మెకార్థర్, విల్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీవుల గురించి చెప్పిందే ఇక్కడా, కొండా ఒక దీవే, చిన్న దీవిలో ఉండేవే కొన్ని, ఒక్క చెడ్డ ఏడాది వస్తే సాఫ్.

నల్లకుంట_బాబు:
అంటే పోయినంక మళ్ల రాకపోవుడే అసలు లొల్లి అంటరా?

పుప్పొడి:
అదే. ఫిన్లాండ్ ఓలాండ్ దీవుల్లో హాన్స్కీ అనే శాస్త్రవేత్త టీమ్ సుమారు 4,000 పచ్చిక ముక్కలు తిరిగి చూసింది, గ్లాన్‌విల్ ఫ్రిటిలరీ అనే సీతాకోకచిలుక కోసం. అవి కొండలు కావులెండి. ఏ ఏడాది చూసినా ఎక్కువ ముక్కలు ఖాళీనే, ఇక్కడ చచ్చిపోతే పక్కదాన్నించి వచ్చి మళ్ళీ గుడ్లు పెడతాయి. ఖాళీగా ఉంది కదా అని ఒకదాన్ని దున్నేస్తే దాని పక్కవాటికి కూడా దెబ్బే.

చీకట్లో_బల్బు:
చిమ్మటల్ని అందరూ మర్చిపోయారు 😀 ఎత్తు కొండల్లో కొన్ని రకాల ఆడవాటికి రెక్కలు పేరుకే, పొట్ట నిండా గుడ్లేసుకుని నడుస్తాయి, ఇంక పక్క కొండేంటి. ఇంకో తిరకాసు, కెనడా రాకీల్లో ఒక అపోలో జాతి సీతాకోకచిలుకల రెక్కల మీద పెన్నుతో నంబర్లేసి వదిలారు, గడ్డి మీదుగా హాయిగా పోయేవి అడవి అడ్డొస్తే బాగా తక్కువగా దాటాయి. చెట్లే గోడ! వేడి పెరిగి చెట్లు పైకెక్కేకొద్దీ గడ్డి ముక్క చిన్నదవుతుంది, దూరమూ పెరుగుతుంది. నీలగిరిలో అయితే మనుషులే ఆ గడ్డి మీద వాటిల్, యూకలిప్టస్ చెట్లు నాటేశారు. మొక్కలు నాటడం ఎప్పుడూ మంచిదే అనేవాళ్ళకి ఇది చెప్తే కొట్టేలా చూస్తారు.

నల్లకుంట_బాబు:
థ్యాంక్స్ అన్నా. గా పిట్ట రెట్టలని మా అత్తమ్మ నిన్ననే పైపు పెట్టి కడిగేసింది, ఇప్పుడే పోయి చూసిన, ఆకు కింద ఇంకా రెండున్నయి. పులుసుకి పక్కింటోళ్ల చెట్టు ఆకు తెస్త అని చెప్పొచ్చిన.