ఐదేళ్ల బాబుకు రెప్ప వాపు: ప్రీసెప్టలా, ఆర్బిటల్ సెల్యులైటిసా? సీటీ ఎప్పుడు?

ప్రశ్న (పీడియాట్రిక్స్ పీజీ):
వారంగా జలుబు, చిక్కటి చీమిడి. రెండు రోజులుగా 102 జ్వరం. ఎడమ కన్ను మూసుకుపోయింది, రెప్ప ఎర్రగా ఉంది, ముట్టుకోనివ్వడు. ప్రీసెప్టల్ (రెప్ప వరకే ఉన్న ఇన్ఫెక్షన్) అనుకుని నోటి మందులతో పంపొచ్చా, లేక ఆర్బిటలా (కంటి గూటిలోకి పాకినది)?

జవాబు 1 (కంటి విభాగం):
కనుగుడ్డు చూడకుండా పంపొద్దండి. రెప్ప ఎంత ఎర్రగా ఉందన్నది రెండింటినీ విడదీయదు. ప్రొపరకైన్ (కంటికి మత్తు మందు) చుక్క వేసి, డెస్‌మర్ రిట్రాక్టర్‌తో రెప్ప ఎత్తండి. వేళ్లతో గుడ్డు మీద నొక్కొద్దు. మెరిసే బొమ్మ ఏదైనా అన్ని దిక్కులా తిప్పండి. గుడ్డు ఎటైనా ఆగిపోతోందా, అటు తిప్పినప్పుడే ఏడుస్తున్నాడా? తల వెనక నిలబడి నుదుటి మీదుగా కిందికి చూస్తే గుడ్డు ముందుకు తోసుకొచ్చిందేమో తెలుస్తుంది. తర్వాత టార్చ్ ఒక కంటి నుంచి ఇంకో కంటికి మార్చండి: ఎడమ కంటి మీదికి వెలుగు రాగానే కనుపాప పెద్దదైతే ఆప్టిక్ నరం (చూపు నరం) నలుగుతోందని అర్థం. చూపు ఒక్కో కంటికీ విడిగా పరీక్షించండి. వీటిలో ఒక్కటి తేడాగా ఉన్నా ఆర్బిటల్‌గానే లెక్కేసి అడ్మిట్ చేయండి. కంజంక్టైవా (తెల్లగుడ్డు మీది పల్చటి పొర) ఉబ్బు ఒక్కటే ఉంటే అంత గట్టి సాక్ష్యం కాదు.

జవాబు 2 (రేడియాలజీ):
పై గుర్తుల్లో ఏదున్నా, వాపు వల్ల గుడ్డు కనిపించకపోయినా, ఐవీ (నరంలోకి ఎక్కించే) మందులు పడి 24–48 గంటలైనా తగ్గకపోయినా సీటీ. ఆర్బిట్ (కంటి గూడు), సైనస్‌లు కలిపి, కాంట్రాస్ట్‌తో (నరంలోకి రంగు మందు ఇచ్చి) ఒక్కసారే చాలు. ముందు ప్లెయిన్ (రంగు మందు లేకుండా) కూడా తీస్తే రేడియేషన్ రెట్టింపు. కరోనల్ (ముఖానికి సమాంతరంగా నిలువు కోత) చిత్రాలు తప్పక అడగండి. ఆర్బిట్ పైకప్పు కింది చీము యాక్సియల్‌లో (అడ్డకోత చిత్రాల్లో) తప్పిపోతుంది. చీము ఎక్కువగా లోపలి గోడ వెంట, ఎత్మాయిడ్ సైనస్ (ముక్కుకూ కంటికీ మధ్యది) పక్కనే చేరుతుంది. మధ్యలో ఉన్న ఎముక కాగితమంత పలచన. తలనొప్పి, వాంతులు, మత్తు, రెండో కంటికీ వాపు ఉంటే కావర్నస్ సైనస్ (మెదడు అడుగున, కళ్ల వెనక ఉండే పెద్ద సిర) చూడాలి. ఎంఆర్ఐ, వీనోగ్రామ్ (సిరల స్కాన్) అడగండి.

జవాబు 3 (పిల్లల వైద్యం):
బ్లడ్ కల్చర్ తీసి వెంటనే ఐవీ మొదలుపెట్టండి, సీటీ కోసం ఆపొద్దు. సీఆర్పీ (ఇన్ఫెక్షన్‌లో పెరిగే రక్త పరీక్ష) తక్కువుందని ఆర్బిటల్ కాదనుకోవద్దు. హెచ్ఐబీ (హీమోఫిలస్ బాక్టీరియా) టీకా పడిందో లేదో అడగండి. తొమ్మిదేళ్ల లోపు, చూపు బాగుండి, లోపలి గోడ దగ్గర చిన్న చీముగడ్డ అయితే ఆపరేషన్ లేకుండా మందులతోనే చూడొచ్చు, కానీ కొన్ని గంటలకోసారి కనుపాప, చూపు చూసి రాయాల్సిందే. రాత్రి డ్యూటీలో తప్పిపోయేది ఇదే.

జ్వరం లేకుండా, సైనస్‌లు శుభ్రంగా ఉండి గుడ్డు రోజురోజుకూ ముందుకొస్తుంటే రాబ్డోమయోసార్కోమా (పిల్లల్లో వచ్చే ఒక క్యాన్సర్) అనుమానించండి. బయాప్సీకి ముందు స్టెరాయిడ్ ఇస్తే తాత్కాలికంగా తగ్గినట్టు కనిపించి రోగనిర్ధారణ ఆలస్యమవుతుంది.