‘చట్టం తన పని తాను చేసుకుపోతుంది’: ఇది పి.వి. గారి మాటేనా?

ప్రశ్న: పి.వి. నరసింహారావు గారి ప్రస్తావన రాగానే అందరూ ఈ వాక్యం గుర్తు చేస్తారు కదా. దీన్ని పుట్టించింది ఆయనేనా? ‘చేసుకుపోతుంది’ అనాలా, ‘చేసుకొని పోతుంది’ అనాలా?

జవాబు: పుట్టించింది ఆయన కాదండీ. ‘లా విల్ టేక్ ఇట్స్ ఓన్ కోర్స్’ అనే ఇంగ్లీషు నానుడి ఆయనకంటే చాలా పాతది. 1996లో హవాలా కేసు, అంటే దొంగదారిన డబ్బు చేరవేసే దళారుల ద్వారా నాయకులకు ముడుపులు అందాయన్న కేసు, నడుస్తున్నప్పుడు ప్రధానిగా ఆయన ఆ మాట అన్నారు. ఛార్జిషీట్లలో ప్రతిపక్షం నుంచి అద్వానీ పేరుంది. సొంత మంత్రివర్గం నుంచి మాధవరావు సింధియా, వి.సి. శుక్లా, బలరాం జాఖడ్ పేర్లున్నాయి. అంత గొడవలో అంత ముక్తసరిగా మాట్లాడారు కాబట్టే ఆ మాట ఆయన పేరుతో ఉండిపోయింది.

తెలుగు వాక్యం అల్లిక నాకు చాలా ఇష్టం. ఇంగ్లీషులో దారి (‘కోర్స్’) ఉంది, పని లేదు. హిందీవాళ్లు ‘కానూన్ అప్నా కామ్ కరేగా’ అంటారు, అందులో పని ఉంది, దారి లేదు. మన వాక్యంలో రెండూ ఉన్నాయి. ‘చెప్పుకుపోతున్నాడు’, ‘రాసుకుపోతోంది’ అంటామే, ఆ ‘పో’ ఇది. ఎవరేమన్నా ఆగకుండా సాగిపోవడం. విడదీసి ‘చేసుకొని పోతుంది’ అంటే పని ముగించుకుని వెళ్లిపోతుందనిపిస్తుంది. కాబట్టి కలిపే రాయండి.

వ్యాఖ్య: మాస్టారూ, చట్టం మనిషి కాదు కదా, ‘దాని పని అది’ అనొద్దా?

జవాబు: ‘భూమి తన చుట్టూ తాను తిరుగుతుంది’ అని బళ్లో చదువుకున్నాం కదమ్మా, తప్పేం లేదు. కానీ మీరు మంచి చోటే పట్టుకున్నారు. ‘దాని పని అది చేస్తుంది’ అంటే ఏ మందు గురించో ఎరువు గురించో చెప్పినట్టుంటుంది. ‘తన పని తాను’ అనేసరికి చట్టానికి ఒక మనసు, ఒక పట్టుదల వచ్చేస్తాయి. దాంతో పోలీసు, జడ్జి, మంత్రి అందరూ వాక్యంలోంచి తప్పుకుంటారు. ఈ వాక్యంలో నాకు నచ్చనిది అదే.

చట్టం దానంతట అది నడవదని పి.వి. గారికి బాగా తెలుసు. 1971లో ముఖ్యమంత్రి అయ్యాక భూసంస్కరణల కోసం పట్టుబట్టారు. తన ఊరు వంగరలో సొంత భూమి కూడా వదులుకున్నారు. భూస్వాముల కోపం ఒకవైపు, తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకే అన్న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం రగిలిన జై ఆంధ్ర ఉద్యమం ఇంకోవైపు. 1973 జనవరిలో కుర్చీ పోయింది. చట్టం వెనక నిలబడిన మనిషికి ఎంత ఖర్చవుతుందో అనుభవించినవాడు ఆయన.

వ్యాఖ్య: మరి 1992 డిసెంబరు 6న అయోధ్యలో చట్టం ఏ పని చేసుకుపోయింది?

జవాబు: చేసుకుపోలేదండీ. మసీదును కాపాడతామని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు ఇచ్చిన మాటను ఆయన నమ్మారు. కేంద్రం చేతిలో బలగాలున్నాయి, అయినా మసీదు కూలిపోయింది, తర్వాతి అల్లర్లలో ఎందరో చనిపోయారు. నేను ఆయన అభిమానిని. 1991లో అప్పుల ఊబిలోంచి దేశాన్ని బయటికి లాగిన ధైర్యం మామూలుది కాదు. అయినా ఆ ఆదివారం బాధ్యత ఆయన మీద లేదని నేను అనలేను.

ఒక్కటి మాత్రం చెప్పాలి. ఆ మాట తన మీదికి వచ్చినప్పుడు ఆయన దాన్ని తప్పించుకోలేదు. 1993 అవిశ్వాస తీర్మానంలో తన ప్రభుత్వాన్ని కాపాడుకోవడానికి జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలకు ముడుపులిచ్చారన్న కేసులో 2000లో ప్రత్యేక కోర్టు ఆయన్ను దోషిగా తేల్చింది. మాజీ ప్రధానికి అలా జరగడం అదే మొదలు. 2002లో ఢిల్లీ హైకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. లఖూభాయ్ పాఠక్ అనే వ్యాపారిని మోసం చేశారన్న కేసులో 2003 డిసెంబరులో నిర్దోషిగా బయటపడ్డారు. సరిగ్గా ఏడాదికి, 2004 డిసెంబరు 23న కన్నుమూశారు. చివరి రోజుల్లో చాలా భాగం లాయర్లు, వాయిదాలతోనే గడిచింది.

ఇప్పుడు ఏ అరెస్టు జరిగినా అధికారంలో ఉన్నవాళ్లు మైకు ముందు ఇదే వాక్యం చదువుతున్నారు. వార్తలు రాసే మిత్రులకు నా విన్నపం ఒకటే. దీన్ని యథాతథంగా వేయండి, కానీ ఆ పక్కనే దర్యాప్తు ఎవరు చేస్తున్నారో, కేసు ఏ కోర్టులో ఎన్నేళ్లుగా ఉందో కూడా రాయండి.