అప్‌డేట్: అమ్మ పోస్ట్‌పెయిడ్ నంబర్ వేరే కంపెనీకి మార్చాం

ఇంట్లో సిగ్నల్ అందక, ఫోన్ మోగితే అమ్మ తులసికోట దగ్గరికి పరుగెత్తాల్సి వస్తోంది, నంబర్ పోర్ట్ చేయాలా (అదే నంబర్‌తో వేరే కంపెనీకి మారాలా) వద్దా అని నెల కిందట అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. మార్చేశాం.

బాగా పనికొచ్చింది ఒక్క సలహా: ముందు మారబోయే కంపెనీ సిమ్ ఉన్న ఫోన్ తెచ్చి ఇంట్లో చూడమన్నది. పక్కింటి పిన్నిగారి ఫోన్ అడిగి తెచ్చి, పడకగది, వసారా, వంటగది అన్నీ తిరుగుతూ మాట్లాడి చూశాను. పొయ్యి పక్కన కూడా మాట తెగలేదు. ప్లాన్ల ధరలు పోల్చడం అక్కరకు రాలేదు, తేడా నెలకు 25 రూపాయలే. ఫోన్ మార్చాల్సిన అవసరమూ పడలేదు.

ఒక్కచోట టెన్షన్ పడ్డాం. 1900కి ఇంగ్లిష్‌లో పోర్ట్ అని కొట్టి, పక్కన నంబర్ వేసి మెసేజ్ పెడితే, కొత్త కంపెనీ షాపులో చెప్పాల్సిన కోడ్ రాలేదు. పాత బిల్లు బాకీ ఉందట. అది కట్టి మళ్లీ పెడితే వచ్చింది. మన దగ్గర ఆ కోడ్ 4 రోజులే చెల్లుతుంది, షాపుకు వెళ్లే రోజే తీసుకోండి. మూడో రోజు రాత్రి పాత సిమ్ ఆగింది, తెల్లారేసరికి కొత్తది పనిచేసింది. ఇప్పుడు అమ్మ కూర కలుపుతూనే మాట్లాడుతోంది.