వట్టివేరులో ‘వట్టి’ ఏమిటి?

ప్రశ్న:
పెళ్లికి కట్టుకుందామని బీరువాలోంచి పట్టుచీరలు తీస్తే ముక్క వాసన. “వట్టివేళ్లు పెట్టుంటే ఈ తంటా ఉండేదా” అన్నారు మా అత్తమ్మ. ఇంత మంచి వాసనుండే వేరుకు ‘వట్టి’ అని పేరేంటి? వట్టి మాటలు అన్నట్టు, పనికిరాని వేరనా? తిరుపతి వైపువాళ్లు ఎవరైనా చెప్పండి.

జవాబు:
పనికిరానిదని కాదక్కా. మన వైపు వట్టి అంటే ఎండినది కూడా. పాలు ఇంకిపోయిన ఆవు వట్టిపోయిందంటాం. సంతలో వట్టి చేపలంటే ఎండబెట్టినవే. వట్టి చేతులు, వట్టి మాటలు అనడంలో ఉన్న ‘ఏమీ లేని’ అర్థం ఇందులోంచే పుట్టిందని నాకనిపిస్తుంది. తడి పోయాక మిగిలేది డొల్లే కదా.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. గోవిందరాజస్వామి గుడి దగ్గర నాటుమందుల అంగట్లో “వట్టివేళ్లు ఇవ్వన్నా” అని అడిగితే, “వెట్టివేరా అక్కా?” అంటూ డబ్బా దించాడు. అది తమిళ మాట. తమిళంలో వెట్టు అంటే నరకడం, తవ్వడం. ఈ గడ్డి వేళ్లు మూడు మీటర్ల లోతుకు కూడా దిగుతాయి, తవ్వి తీయాల్సిందే. కాబట్టి ఆ పేరూ అతికినట్టుంటుంది. ఇంగ్లీషువాళ్ల వెటివర్ కూడా తమిళం నుంచి వెళ్లిందే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మన తిరుపతి, చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగం. రెండు భాషలూ ఒకే అంగట్లో వినబడే చోటు మనది. పేరు తమిళం నుంచే వచ్చిందనీ, తెలుగు నోట్లో పడ్డాక మనకు తెలిసిన ‘వట్టి’గా మారిందనీ నా నమ్మకం.

ఆ మార్పు నాకెంతో ఇష్టం. ఆ వేళ్లను చేతిలోకి తీసుకుని చూడండి. కొబ్బరిపీచుకన్నా సన్నం, లేత గోధుమరంగు, నలిపితే పుటుక్కున విరుగుతాయి, వాసన అంతంతమాత్రమే. నాలుగు చుక్కలు నీళ్లు చిలకరించారా, తొలకరికి తడిసిన మట్టి వాసన గుప్పుమంటుంది. ఎండాకాలం వట్టివేళ్ల తడికల మీద నీళ్లు చల్లేది చల్లదనానికే కాదు, ఈ వాసనకు కూడా.

ప్రశ్న:
అయితే బీరువాలో తడిపి పెట్టాలా?

జవాబు:
అయ్యో, వద్దక్కా! ముక్క వాసనకు మూలం చెమ్మ, దానివల్ల పట్టే బూజు. ముందు చీరల్ని నీడలో గాలికి బాగా ఆరనివ్వండి. ఆరకుండా ఎత్తిపెడితే ఏ సువాసనా నిలవదు. వేళ్లను పొడిగానే పాత నూలు పంచె ముక్కలో మూట కట్టి అర మూలన పెట్టండి. వాటి నూనె బరువైనది, మెల్లమెల్లగా ఆవిరవుతుంది. అందుకే ఆ వాసన చాలాకాలం ఉంటుంది.

కలరా ఉండల జోలికి నేను పోను. ఒక ఏడాది మా అమ్మ చీర మడతల్లో పెట్టాను. ఎన్నిసార్లు గాలికి ఆరేసినా ఆ ఘాటు పోలేదు. అమ్మ వాసన ఉండే చీర అది, ఇప్పటికీ బాధే. చంటిబిడ్డల బట్టల దగ్గర అసలే పెట్టొద్దు. ఆ ఆవిరి పడని బిడ్డలకు రక్తకణాలు చితికి కామెర్లు వస్తాయి.

ఇంకొక సంగతి. ‘వట్టివేర్లు’ అని కొందరు రాస్తున్నారు. తప్పనను గానీ ఊరు ఊళ్లయినట్టు, నోరు నోళ్లయినట్టు వేరు వేళ్లవుతుంది. చేతివేళ్లతో కలిసిపోతుందని భయపడి మార్చుకోనక్కర్లేదు.

దీనికి అవురుగడ్డి అనే తెలుగు పేరు కూడా ఉంది. పలమనేరు, మదనపల్లె వైపు ఇళ్లల్లో ఎవరైనా ఇంకా అలా అంటున్నారా? విన్నవాళ్లు రాయండి.