ఫుట్‌బాల్ ఆటగాళ్లలో క్లబ్బు పట్ల నిబద్ధత తగ్గిందన్న మాట ఎంతవరకు నిజం?

ఉద్దానం అభిమాని (పలాస):
2025 మే నెలలో లివర్‌పూల్ క్లబ్బు సొంత మైదానమైన ఆన్‌ఫీల్డ్‌లో ఆర్సెనల్‌తో జరిగిన మ్యాచ్ మధ్యలో ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్ మైదానంలోకి దిగినప్పుడు, ఆరేళ్ల వయసు నుంచి తమ క్లబ్బులోనే పెరిగినవాడని కూడా చూడకుండా లివర్‌పూల్ అభిమానులు చాలామంది గేలి చేశారు. క్లబ్బును వీడుతున్నట్టు అతడు అంతకు కొద్ది రోజుల ముందే ప్రకటించాడు. ఆ తరువాత రియల్ మాడ్రిడ్‌లో చేరాడు. వారి కోపం నాకు న్యాయంగానే తోచింది. మాల్దీనీ 1985 నుంచి 2009 దాకా ఏసీ మిలాన్‌ను, టొట్టి 1993 నుంచి 2017 దాకా రోమాను విడిచిపెట్టలేదు. ఇప్పుడు అటువంటివారు అరుదు కావడానికి డబ్బాశే కారణమని నా అభిప్రాయం.

కోట జంక్షన్ వాసి (విజయనగరం):
మాల్దీనీ, టొట్టిల నిబద్ధతను నేను శంకించను గానీ, పాతకాలమంతా అలాగే ఉండేదన్న మాటతో ఏకీభవించలేను. ఇంగ్లండులో ఒప్పందం ముగిసినా ఆటగాడిని క్లబ్బు తన దగ్గరే అట్టిపెట్టుకోగలిగే పద్ధతి ఉండేది. జార్జ్ ఈస్ట్‌హామ్ అనే ఆటగాడు వేసిన దావాలో 1963లో న్యాయస్థానం దానిని తప్పుపట్టింది. బెల్జియంలో జాన్-మార్క్ బోస్మన్ అనే ఆటగాడి ఒప్పందం 1990లో ముగిసినా, కొత్త క్లబ్బు నుంచి పాత క్లబ్బు అడిగే బదిలీ రుసుము పేచీ వల్ల అతడు కోరుకున్న ఫ్రెంచి క్లబ్బుకు వెళ్లలేకపోయాడు. ఒప్పందం ముగిసినవారికి అటువంటి రుసుము అడగరాదని ఐరోపా న్యాయస్థానం 1995 డిసెంబరు 15న తీర్పునిచ్చేదాకా, కదలలేక ఉండిపోయినవారిని కూడా మనం నిబద్ధుల లెక్కలోనే వేసుకున్నాం.

ఇక జమాఖర్చుల సంగతి చూడండి. కొనుక్కున్న ఆటగాడి ధరను ఒప్పంద కాలమంతటికీ పంచి ఖర్చు రాస్తారు. సొంత అకాడమీలో పెరిగినవాడికి పుస్తకాల్లో విలువ దాదాపు సున్నా కనుక, అతడిని అమ్మితే వచ్చిందంతా ఆ ఏటి లాభమే. నష్టాలకు పరిమితి విధించే నిబంధనలు వచ్చాక, ఇంటి పిల్లవాడే ముందుగా అమ్ముడుపోయే సరుకయ్యాడు. చిన్ననాటి నుంచి చెల్సీలో పెరిగిన కానర్ గ్యాలహర్‌ను 2024లో అట్లెటికో మాడ్రిడ్‌కు అమ్మినప్పుడు ద్రోహమన్న మాట ఎవరి మీద వేయాలి? మన తీరం నుంచి గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీద పనికి వెళ్లే మత్స్యకారులను ఊరికి ద్రోహం చేశారని మనం ఎన్నడూ అనలేదు కదా.

ఉద్దానం అభిమాని (పలాస):
లెక్కల విషయం ఒప్పుకుంటాను గానీ, ఆ పోలిక మాత్రం సరికాదండీ. వేరావల్ వెళ్లేవారు ఇక్కడ పూట గడవక వెళ్తున్నారు. 2017లో బార్సిలోనాను వీడి 22.2 కోట్ల యూరోల ధరకు పారిస్ చేరిన నేమార్‌కు ఏ లోటు ఉందని? ఆ ధర క్లబ్బు చెప్పిందే కావచ్చు, వెళ్లాలన్న నిర్ణయం మాత్రం అతడిదే.

కోట జంక్షన్ వాసి (విజయనగరం):
పోలిక గురించి మీరన్నది సబబే; నేమార్‌ను వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. అయితే అదే బార్సిలోనాలో 2021లో మెస్సీ ఉండిపోవడానికి సిద్ధపడినా, లీగు ఆర్థిక నిబంధనల వల్ల, అప్పుల్లో ఉన్న క్లబ్బు అతడిని నమోదు చేయించలేకపోయింది. ఆ అప్పులు మెస్సీ ఒక్కడి జీతంతో పేరుకున్నవి కావు, ఒకరి తరువాత ఒకరిని కొంటూ పోయిన పాలకవర్గం చేసినవి. ఆన్‌ఫీల్డ్‌లో ఒక కుర్రవాడికి దక్కిన ఆ గేలి అటువంటి పాలకవర్గాలకు ఎన్నిసార్లు దక్కిందో కూడా మీరు చెప్పాలి.