'మీరు లేకపోతే ఏమయ్యేది?' అని డోనర్ అడిగారు, ఏం చెప్పాలి?

పలక_బలపం:

అందరికీ నమస్కారం. మాది చిన్న స్వచ్ఛంద సంస్థ. చదువులో వెనకబడిన పిల్లలకి బడి అయ్యాక రోజూ రెండు గంటలు చదవడం, రాయడం నేర్పిస్తాం. నలుగురం జీతం మీద ఉన్నాం, మిగతా అందరూ వాలంటీర్లే. ఆరేళ్లుగా మాకు డబ్బు ఇస్తున్న ఒకాయన ఈసారి రిపోర్టు చదివి ఫోన్ చేశారు. "ఎంతమంది పిల్లలు వచ్చారు, ఎన్ని క్లాసులు జరిగాయి, ఎన్ని పుస్తకాలు పంచారు, అన్నీ రాశారు. బాగుంది. కానీ మీరు లేకపోతే ఆ పిల్లలకి ఏమయ్యేది?" అన్నారు. మర్యాదగానే అడిగారు, కానీ నా దగ్గర జవాబు లేదు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్.

మా పని ఉపయోగపడుతోందని నాకు తెలుసు. ఒక పాప ఎప్పుడూ వెనక వరసలో కూర్చుని పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకునేది. మొన్న వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పేజీ మొత్తం చదివింది, చదివాక పేజీ తిప్పి వెనక ఇంకా ఉందా అని చూసింది. దీన్ని రిపోర్టులో ఏ గడిలో రాయాలి?

తెలిసినవాళ్లు ఎస్‌ఆర్‌ఓఐ లెక్క చేయించమంటున్నారు, పెట్టిన డబ్బుకి సమాజానికి ఎన్ని రెట్లు లాభం వచ్చిందో ఒక్క అంకెలో చెప్తారట. కన్సల్టెంట్ అడిగిన ఫీజు మా టీచరు ఒకరి ఏడాది జీతమంత ఉంది. చేయించాలా?

సర్వే_సంచి:

చాలా ఏళ్లుగా ఇలాంటి సంస్థల పనిని మదింపు చేయడమే నా ఉద్యోగం, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. మీ డోనర్ అడిగింది సరైన ప్రశ్న. క్లాసులు, పుస్తకాలు, హాజరు మీరు చేసిన పని. పిల్లలకి చదవడం రావడం దానివల్ల వచ్చిన మార్పు. మొదటిది ఎంత లెక్కపెట్టినా రెండోదానికి జవాబు కాదు.

ఇంకో మెలిక ఉంది. మార్పు వచ్చినంత మాత్రాన అది మీ వల్లే వచ్చిందని కాదు. పరీక్ష పెట్టి బాగా తక్కువ మార్కులు వచ్చినవాళ్లనే ఏరి చేర్చుకున్నారనుకోండి, వాళ్లలో కొందరికి ఆ రోజు ఒంట్లో బాగోలేక తక్కువ వచ్చుంటాయి, మూడు నెలల తర్వాత మళ్లీ పెడితే మీరు ఏమీ నేర్పకపోయినా సగటు కొంత పెరుగుతుంది. పైగా పిల్లలు బడికి కూడా వెళ్తున్నారు, ఏడాదిలో వయసు కూడా పెరుగుతుంది. అందుకే పోల్చడానికి మీ దగ్గరికి రాని పిల్లలు కొందరు కావాలి. మీకు చోటు చాలక వెయిటింగ్ లిస్ట్ పెడుతుంటే, ఎవరిని ముందు చేర్చుకోవాలో చీటీలు తీసి తేల్చండి. చేరినవాళ్లకీ, ఆగినవాళ్లకీ మొదట్లో ఒకసారి, ఏడాది చివర ఒకసారి అదే చిన్న చదివే పరీక్ష పెట్టండి. రెండు గుంపుల మధ్య తేడాయే మీ డోనర్‌కి జవాబు. ఆగిన పిల్లల్ని తర్వాతి ఏడాది తప్పకుండా చేర్చుకోవాలి, అది మాత్రం మర్చిపోకండి.

'పిల్లల్ని, తల్లిదండ్రుల్ని అడిగితే వాళ్లే చెప్తారు కదా' అని చాలామంది అంటారు. అడగాలి, కానీ అదొక్కటే చాలదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ అనే ఊళ్లలో 1939లో ఒక కార్యక్రమం మొదలైంది. మగపిల్లలు దారి తప్పకుండా చూడాలని కౌన్సెలర్లు ఏళ్ల తరబడి వాళ్ల ఇళ్లకి వెళ్లి సాయం చేశారు, చదువు చెప్పారు, వేసవి క్యాంపులకి పంపారు. మొదట్లోనే పిల్లల్ని జతలుగా చేసి, ప్రతి జతలో ఒకరిని సాయం లేని గుంపులో ఉంచారు. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత జోన్ మెక్‌కార్డ్ అనే పరిశోధకురాలు వాళ్లందర్నీ వెతికి, 1978లో ఫలితాలు ప్రచురించారు. సాయం పొందినవాళ్లలో చాలామంది తమకి మేలు జరిగిందనే చెప్పారు. రికార్డులు చూస్తే మాత్రం తాగుడు, మళ్లీ మళ్లీ నేరం చేయడం లాంటి కొన్ని విషయాల్లో సాయం అందని వాళ్లకంటే వీళ్ల పరిస్థితే అధ్వాన్నంగా తేలింది. మంచి మనసుతో చేసిన పనే. పోల్చుకోవడానికి రెండో గుంపు లేకపోతే ఆ సంగతి ఎవరికీ తెలిసేదే కాదు.

దాత_వైపు_నుంచి:

నేను ఒక చిన్న ట్రస్టులో దరఖాస్తులు చదువుతాను. ఎస్‌ఆర్‌ఓఐ గురించి నా మాట: ఇప్పుడైతే చేయించకండి. 1990ల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఆర్‌ఈడీఎఫ్ అనే సంస్థ దాన్ని మొదలుపెట్టింది, ఎవరూ పని ఇవ్వనివాళ్లకి ఉద్యోగాలిచ్చే సంస్థల కోసం. అక్కడ జీతం, పన్ను, ప్రభుత్వానికి మిగిలే ఖర్చు నేరుగా లెక్కకి అందుతాయి. పిల్ల ధైర్యంగా చదవడానికి ధర కట్టాలంటే ఊహల మీద ఊహలు పేర్చాలి. ఊహ కొంచెం మారిస్తే మూడు రెట్లు కాస్తా ఎనిమిది రెట్లు అవుతుంది. నా టేబుల్ మీదకి వచ్చే రెండు సంస్థల అంకెల్ని నేనెప్పుడూ పక్కపక్కన పెట్టి చూడను, ఎందుకంటే లెక్క కట్టిన పద్ధతులే వేరు.

ఆఫీసు ఖర్చు ఎంత శాతమో పెద్ద అక్షరాల్లో వేసి 'మాది చాలా తక్కువ' అని గొప్పగా చెప్పుకోవడం కూడా మానేయండి. 2013లో గైడ్‌స్టార్, చారిటీ నావిగేటర్, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్ అనే మూడు సంస్థల అధిపతులు కలిసి అమెరికా దాతలకి బహిరంగ లేఖ రాశారు, ఓవర్‌హెడ్ శాతం ఒక్కటీ చూసి సంస్థని తూచొద్దని. దాతలకి సంస్థల లెక్కలు చూపించేవాళ్లే ఆ మాట అన్నారు. పై ఆయన చెప్పిన పరీక్షలు పెట్టాలన్నా, డేటా రాసుకోవాలన్నా మనిషి కావాలి, ఆ మనిషి జీతం కూడా ఓవర్‌హెడ్‌లోకే వస్తుంది.

ఇక నేను రిపోర్టులో వెతికేది 'ఏది పనిచేయలేదు' అన్న పేరా. అది ఉంటే మిగతా పేజీల మీద నాకు నమ్మకం కుదురుతుంది. దాదాపు ఎవరూ రాయరు.

క్లాసులో_అక్క:

నేను మీలాంటి సంస్థలోనే పిల్లలకి చెప్తాను. ఒక్క విన్నపం, కొలవడం మొదలుపెట్టే ముందు మీ టీచర్లని అడగండి. మా దగ్గర ఒక ఏడాది నలుగురు డోనర్లకి నాలుగు రకాల ఫారాలు నింపాం, వారంలో ఒక సాయంత్రం పూర్తిగా దానికే పోయేది, అటు పిల్లలు వరండాలో కూర్చుని మా కోసం చూసేవాళ్లు. ఆ ఫారాల్లో సగం ఎవరూ చదవలేదని తర్వాత తెలిసింది, ఇప్పటికీ బాధేస్తుంది. రెండో మూడో విషయాలు కొలవండి, అవి మీకే పనికొచ్చేవై ఉండాలి. డోనర్లందరికీ అవే పంపండి. చాలామంది ఒప్పుకుంటారు, అడిగి చూడాలి అంతే.

హాజరు లెక్కని టీచర్ల నెత్తిన టార్గెట్‌గా మాత్రం పెట్టకండి. పెట్టారా, చదవడం వచ్చేసిన పిల్లల్ని కూడా ఎవరూ ఇంటికి పంపరు.

ఆ పాప సంగతి గడిలో పెట్టక్కర్లేదు, కథగానే రాయండి. ఆ కథే జనాన్ని కదిలిస్తుంది. 2007లో వచ్చిన ఒక ప్రయోగంలో, ఒక్క పాప కథ చదివినవాళ్లు ఇచ్చినంత, ఆ కథకి గణాంకాలు కూడా జోడించి చూపినప్పుడు ఇవ్వలేదు. కాబట్టి కథని అంకెలతో కలిపి కుక్కకండి, దేని చోటు దానికి ఉండనివ్వండి. కాకపోతే వందలో ఒక్కరికి జరిగిందాన్ని అందరికీ జరిగినట్టు రాయకూడదు. పాప ఫొటో, పేరు వేయొద్దు. వాళ్ల అమ్మానాన్నలకి రాసింది చదివి వినిపించి, సరేనంటేనే పంపండి.

పలక_బలపం:

అందరికీ చాలా థాంక్స్. ఎస్‌ఆర్‌ఓఐ వద్దనుకున్నాం. వెయిటింగ్ లిస్టులో ఇప్పుడు ముప్పై ఒక్క మంది ఉన్నారు, వచ్చే టర్మ్‌లో చీటీలు తీస్తాం. డోనర్‌కి నిన్న ఫోన్ చేసి 'మీ ప్రశ్నకి ఇప్పుడు జవాబు లేదు, ఏడాదిలో ఇస్తాను' అని చెప్పాను, ఆయన సరేనన్నారు.

@సర్వే_సంచి గారూ, ఒక్క సందేహం. పరీక్ష మా టీచర్లే పెడితే, తెలియకుండానే మా పిల్లలకి మార్కులు ఎక్కువ వేస్తారేమో కదా?

సర్వే_సంచి:

వేస్తారు, ఎంత నిజాయితీపరులైనా. మీ క్లాసులతో సంబంధం లేని ఇద్దరు వాలంటీర్లని పిలవండి, ఏ పిల్ల ఏ గుంపులో ఉందో వాళ్లకి చెప్పకండి. ఒక నిమిషంలో ఎన్ని పదాలు తప్పులేకుండా చదివిందో రాసుకుంటే చాలు.